తనంతట తానెగురు నమూనా విమానము

చేతిలోని పెట్టెమీది మీటలను కదలించుచు, ఆకాశమున చిన్న విమానములను త్రిప్పు ఔత్సాహికులను మనలో పలువురు చూచియుందురు. నేడు ఆ మీటలను విడిచినను, ముందుగా నిర్ణయించిన చోట్లన్నియు చుట్టి, బయలుదేరిన తావునకే మరలివచ్చు విమానములను వారు తమ యిండ్లలోనే సమకూర్చుకొనుచున్నారు. ఈ శక్తి నిచ్చునది అగ్గిపెట్టెంత పరికరము. దానికి ఆటోపైలటని పేరు. క్రొత్తగా ఈ విద్య నారంభింపగోరువారు ఏ క్రమమున సాగవలయునో విచారింతము.

ఈ యూహ నేటిది కాదు. 1914 జూన్ నెలలో పారిస్ చెంత సేన్ నదిపై లారెన్స్ స్పెర్రీ యను అమెరికా యువకుడు విమానము నడుపుచు, రెండు చేతులను పైకెత్తి చూపెను. ఆయన మెకానిక్కు రెక్కమీదికి నడచినను విమానము సరిగానే సాగెను. దానిని నిలిపినవి గిరగిర తిరుగు గైరోస్కోపులు. 2003లో ఫ్రాన్సునందలి తులూజ్ నగరమున పౌరవిమానయాన విద్యాలయమువారు పాపరాజీ యను ఆటోపైలటును రూపొందింప నారంభించిరి. 2009 నాటికి అమెరికాలో ఆర్డూపైలట్ వెలువడెను. ఈ రెంటి ప్రోగ్రాములను ఎవరైనను ఉచితముగా పొంది, మార్చుకొనవచ్చును. తొలినాటి పరికరములు కొన్ని నేల వెచ్చన, ఆకాశము చల్లన యను భేదమును బట్టి విమానపు ఒరుగుదలను గ్రహించెడివి. మబ్బు, మంచు క్రమ్మిన దినములలో అవి తబ్బిబ్బు పడుచుండెడివి.

ఇప్పటి పరికరమున గైరోస్కోపు గోటికంటె చిన్నది. విమానము ఎటు తిరుగుచున్నదో అది తెలుపును. త్వరణమాపకము క్రిందుదిక్కును, వాయుభారమాపకము ఎత్తును, జి.పి.యస్. స్థానమును తెలుపును. ముందునకు పొడుచుకొనివచ్చిన పిటో గొట్టమున్నచో గాలిలోని వేగము కూడ తెలియును. వీనినన్నిటిని సెకనుకు అనేక పర్యాయములు లెక్కించి, చిప్పు సర్వో మోటార్లకు ఆజ్ఞలు పంపును.

మొదట చేతితో ఎగురవేయుట నేర్వవలెను. యంత్రము దారి తప్పిన క్షణమున మీట త్రిప్పి విమానమును కాపాడవలసినవాడు మనిషియే. నెమ్మదిగా ఎగురు ఫోము విమానము ఇందుకు తగినది. అది చేతికి లొంగిన పిదపనే ఆటోపైలటు నమర్పవలెను.

రెండవది నేలమీది పరీక్ష. ప్రొపెల్లరును తీసివేసి, నిలకడ పద్ధతిలో నుంచి, విమానమును కుడివైపునకు ఒంచి చూడవలెను. కుడిరెక్క ఐలరాను క్రిందికి దిగవలెను, ఎడమరెక్కది పైకి లేవవలెను. ముక్కును పైకెత్తినచో తోకమీది ఎలివేటరు క్రిందికి వంగవలెను. ఇందులో ఏది తలక్రిందులైనను, ఆటోపైలటు ఒరిగిన విమానమును మరింత ఒరగద్రోసి నేల గూల్చును. ట్రాన్స్‌మిటరు నార్పి, సంకేతము తెగినపుడు ఏమి చేయునో కూడ అప్పుడే చూచుకొనవలెను. జి.పి.యస్. స్థిరపడకమునుపే ఎగురవేయరాదు. ఇల్లెక్కడనో యెరుగనివానిని ఇంటికి పొమ్మన్న ఏమి లాభము?

పిమ్మట తగిన యెత్తున చేతితో నడుపుచు, ఒక్కొక్క పద్ధతికి మారవలెను: ముందు నిలకడ, తరువాత ఒకేచోట చుట్లు తిరుగుట, ఆపై ఇంటికి మరలుట. మార్గమును తెరపటముమీద గుర్తించి పంపుట చివరిది. విమానము అటునిటు వడివడిగా ఊగినచో దిద్దుబాటు మోతాదు ఎక్కువైనదని, మందముగా సరిపడినచో తక్కువైనదని గ్రహించి, కొద్దికొద్దిగా మార్చుకొనవలెను.

మన దేశమున 2021లో వెలువడిన డ్రోను నిబంధనలు ఆకాశమును ఎరుపు, పసుపు, పచ్చ మండలములుగా విభజించినవి. పచ్చ మండలమున సాధారణ పరిమితి 400 అడుగులు. విమానాశ్రయముల దాపున అంతకంటె తక్కువ. బయలుదేరుటకు ముందు ఆ పటమును చూచుట, జనసమ్మర్దమునకు దూరముగ ఎగురవేయుట, విమానమును కనుచూపు దాటనీయకుండుట మన విధి. కిలో బరువుగల వస్తువు పైనుండి పడినచో పసిబిడ్డకు ప్రాణాపాయము కలుగవచ్చును. మార్గమును యంత్రము నడచినను, బాధ్యత మాత్రము మీట చెంత నిలిచినవానిదే.