చెత్త ఏరే చేతులకూ ఒక కాటా కావాలి

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి, ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

‘మన ఊరికి మనం ఏం చేయగలం’ అనే అంశం మీద మాట్లాడమని సంఘం పెద్దలు నన్ను అడిగారు. ఇంజనీరుని కాబట్టి రోడ్ల గురించో, వంతెనల గురించో చెబుతానని అనుకుని ఉంటారు. నేను మాత్రం చెత్త గురించి, దాన్ని ఏరి బతికే కుటుంబాల గురించి చెప్పదలుచుకున్నాను.

భద్రాచలం పరిస్థితి మీకు తెలిసిందే. 2014లో రాష్ట్రం విడిపోయాక ఎటపాక, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, పురుషోత్తపట్నం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. పట్టణానికి ఒక వైపు గోదావరి, మిగతా వైపులా పక్క రాష్ట్రం సరిహద్దు. శ్రీరామనవమికి, ముక్కోటికి వచ్చే భక్తుల చెత్తతో సహా ఎక్కడ వేయాలో తెలియక, కరకట్ట పక్కన, నది ఒడ్డున పోసిన రోజులు మనం చూశాం. 1986లో ఇక్కడ గోదావరి 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చింది. ఒడ్డున పోసిన చెత్త అలాంటి వరదలో ఎటు పోతుందో వేరే చెప్పక్కర్లేదు. ఖమ్మంలో దానవాయిగూడెం డంపింగ్ యార్డు గురించి కూడా ఎన్నో ఏళ్లుగా వింటున్నాం.

ఈ చర్చల్లో స్థలం గురించి, ట్రాక్టర్ల గురించి, వాసన గురించి మాట్లాడతాం. తెల్లవారకముందే గోనెసంచి భుజాన వేసుకుని ఆ కుప్పల మీదికి వెళ్లే మనుషుల ప్రస్తావన రాదు. వీళ్లు పంచాయతీ కార్మికులు కారు. పంచాయతీ కార్మికులకు ఎంత తక్కువైనా ఒక జీతం, ఒక హాజరు పుస్తకం ఉన్నాయి. వీళ్ల పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. కానీ వాళ్లు ఏరిన ప్రతి సీసా, ప్రతి అట్టముక్క గోదావరిలోకి పోకుండా ఆగిందన్నమాటే. ఊరు వాళ్లకు ఒక్క పైసా ఇవ్వకుండా ఆ సేవ పొందుతోంది.

కాస్త లెక్క చూద్దాం. లీటరు నీళ్ల సీసా ఖాళీదైతే సుమారు 20 గ్రాములు తూగుతుంది. కిలో కావాలంటే 50 సీసాలు ఏరాలి. అవి సాంబారులో, కూరలో తడిసి ఉంటే ధర తగ్గిస్తారు. కాగితం, అట్ట తడిస్తే అసలు తీసుకోరు. కాటా పాత సామాన్ల కొట్టు యజమానిది, ధర కూడా ఆయన చెప్పిందే. ఇంట్లో జ్వరం వస్తే చేబదులు ఇచ్చేదీ ఆయనే, కాబట్టి ఇంకో కొట్టుకు వెళ్లే వీలుండదు. ఆయన చెడ్డవాడని నేను అనను. కష్టకాలంలో వాళ్లను నమ్మి అప్పిచ్చేది ఆయన ఒక్కడే. కానీ కాటా, ధర, అప్పు మూడూ ఒకే చేతిలో ఉన్నప్పుడు ఎంత కష్టపడినా మిగులు ఉండదు. మిగులు లేని ఇంట్లో పిల్లవాడు రెండో జత చేతులవుతాడు. వారంలో రెండు రోజులు బడి మానేస్తాడు, ఆ తర్వాత నాలుగు రోజులు, ఆ తర్వాత పూర్తిగా. పేదరికం తండ్రి నుంచి కొడుక్కి అందేది ఇలాగే.

ఇలాంటి చిక్కుముడి మన అడవిలో ఒకప్పుడు ఉండేది. చింతపండు, ఇప్పపువ్వు, తేనె, తపసి బంక తెచ్చిన గిరిజనుడికి షావుకారు ఉప్పు, బట్ట ఇచ్చి పంపేవాడు. తూకం ఆయనది, లెక్క ఆయనది. 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. ప్రకటించిన ధరకు కొనే కాటా ఒకటి సంతలోకి చేరింది. తునికాకు సంగతీ అంతే. 1971 చట్టంతో ఆ వ్యాపారం ప్రభుత్వ నియంత్రణలోకి వచ్చింది. 50 ఆకుల కట్టకు ఇంత అని సీజన్‌కు ముందే రేటు చెప్పడం, లాభం వస్తే ఏరినవాళ్లకు బోనస్ ఇవ్వడం మొదలైంది. రేటు పెంచమని కూలీలు పోరాడిన చరిత్ర కూడా ఈ ప్రాంతానికి ఉంది. జీసీసీలో లోపాలు లేవని కాదు, బోనస్ ఆలస్యమైన సందర్భాలూ ఉన్నాయి. అయినా ఆకు ఏరే మనిషికి ఒక కల్లం, ఒక రేటు, ఒక కార్డు ఉన్నాయి. ఊళ్లో సీసా ఏరే మనిషికి ఆ మూడూ లేవు. నా ప్రసంగం మొత్తం ఈ తేడా గురించే.

ఈ తేడాను పుణెలో చాలావరకు తగ్గించారు. అక్కడ 1993లో చెత్త ఏరేవాళ్లు, ఎక్కువమంది మహిళలు, ‘కాగద్ కాచ్ పత్ర కష్టకరీ పంచాయత్’ అనే సంఘంగా ఏర్పడ్డారు. హమాలీల నాయకుడు బాబా ఆఢావ్ అండగా నిలిచారు. మొదట గుర్తింపు కార్డులు సాధించారు. సొంతంగా పాత సామాన్ల కొట్టు నడిపారు. 2008లో ‘స్వచ్ఛ్’ అనే సహకార సంఘం ద్వారా నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. ఇంటింటికీ వెళ్లి చెత్త తీసుకుంటారు, ఇంటివాళ్లు నెలకు కొంత రుసుము ఇస్తారు, పొడి చెత్త అమ్మితే వచ్చే డబ్బు వాళ్లదే. సభ్యులు 3,000కు పైగా ఉన్నారు. కుప్ప మీద వంగిన మనిషి గుమ్మం ముందు నిలబడింది. ఆమెను పేరు పెట్టి పిలుస్తున్నారు. పని దాదాపు అదే, మారింది పని చేసే పద్ధతి.

పుణె పెద్ద నగరం, మనకు కుదరదంటారేమో. మన పక్కనే ఉన్న సూర్యాపేటలో 2003 ప్రాంతంలో మున్సిపల్ కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ ఇంట్లోనే తడి, పొడి చెత్త వేరు చేయించి, చెత్తకుండీలు లేని పట్టణంగా దేశం దృష్టికి తెచ్చారు. అది చిన్న పట్టణంలోనే జరిగింది. చట్టం కూడా మన వైపే ఉంది. 2016 ఘన వ్యర్థాల నియమాలే చెత్త ఏరేవారిని గుర్తించి, ఈ పనిలో కలుపుకోవాలని స్థానిక సంస్థలకు చెప్పాయి. 2024లో కేంద్రం ‘నమస్తే’ పథకాన్ని వాళ్లకూ వర్తింపజేసింది. గుర్తింపు కార్డు, చేతి తొడుగులు, బూట్లు, ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య బీమా అందులో ఉన్నాయి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. డంపింగ్ యార్డు మూసేసి, యంత్రాలు పెట్టి, పని ఎవరో కాంట్రాక్టరుకు అప్పగిస్తే ఊరు శుభ్రపడుతుంది. ఇన్నాళ్లూ దాని మీద బతికిన కుటుంబాలు మాత్రం ఒక్క రోజులో రోడ్డున పడతాయి. అందుకే షెడ్డు కట్టేటప్పుడే అందులో ఎవరు పనిచేస్తారో రాసుకోవాలి.

ఇక మనం చేయగలిగినవి. మొదటిది, మన ఇళ్లలో తడి, పొడి వేరు చేయడం. డైపర్లు, పగిలిన గాజు, సూదులు విడిగా చుట్టి గుర్తు పెట్టడం. ఖర్చు లేని పని, కానీ వాళ్ల చేతులు తెగకుండా కాపాడేదీ, సరుకు ధర పెంచేదీ ఇదే. రెండోది, కాగితాలు. ఆధార్, కుల ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా లేక ఏ పథకమూ వాళ్లకు అందడం లేదు. మనలో రెవెన్యూలో, బ్యాంకుల్లో పనిచేసి రిటైరైన వాళ్లున్నారు. నెలకు ఒక ఆదివారం ఇవ్వండి. మూడోది, పిల్లలు. ఏ తరగతిలో ఆగిపోయారో కనుక్కుని మన బడిలో చేర్చడం, సాయంత్రం గంటసేపు చదివించడం. గురువుల సాయం లేకుండా ఇది జరగదు.

నాలుగోది డబ్బుతో కూడిన పని. పంచాయతీ స్థలం చూపిస్తే ఒక రేకుల షెడ్డు, నడుము వంచకుండా నిలబడి వేరు చేసుకునే ఎత్తులో బల్లలు, అందరికీ కనబడే డిజిటల్ కాటా, రోజు ధరలు రాసే బోర్డు, సీసాలను, అట్టలను నొక్కి కట్టలు చేసే ప్రెస్సు. ఈ ప్రెస్సు చాలా ముఖ్యం. ఖాళీ సీసాలు నింపిన లారీ నిజానికి గాలిని మోస్తుంది, కిరాయి గిట్టదు. కట్టలు కడితే నేరుగా ఫ్యాక్టరీకి అమ్మొచ్చు, మధ్యలో ఒకరిద్దరు దళారులు తగ్గుతారు. ఆ మిగులు ఏరినవాళ్ల సంఘానికే వెళ్లాలి. డిజైను, అంచనా నేను ఉచితంగా చేసిస్తాను. నిర్వహణ వాళ్ల చేతిలో ఉండాలి, మనం లెక్కలు రాయడం నేర్పి పక్కకు తప్పుకోవాలి.

మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో స్వర్ణోత్సవ నిధితో బడికి స్వాగత ద్వారం కట్టే ప్రతిపాదన వస్తుంది. నేను దానికి వ్యతిరేకిని కాను. మన పేర్లు చెక్కించుకోవాలని నాకూ ఉంటుంది. ద్వారం కాస్త చిన్నదిగా కట్టి, నిధిలో సగం ఈ షెడ్డుకు ఇవ్వాలని నా సవరణ. ఎవరైనా బలపరిస్తే ఓటుకు పెట్టమని అధ్యక్షులను కోరుతున్నాను.

భోజనాల దగ్గర ఈ రోజు మూడు డబ్బాలు పెట్టించాం. విస్తరాకు ఒకదాంట్లో, నీళ్ల సీసా ఇంకోదాంట్లో వేయండి. ఏది ఎందులో వేయాలో అనుమానం వస్తే అక్కడ నిలబడిన తొమ్మిదో తరగతి పిల్లలను అడగండి, వాళ్లకు మనకంటే బాగా తెలుసు.