నమాజు తివాచీ నుంచి మా అమ్మ జంపఖానా దాకా



తుర్క్‌మెన్ నమాజు తివాచీల గురించి మాట్లాడతానంటే, "మనకూ వాటికీ ఏం సంబంధమండీ?" అని ఒక మిత్రులు అడిగారు. ఆ సంబంధం చెప్పడానికే వచ్చాను.

చాలా ఏళ్ళ క్రితం ఇక్కడే ఒక ఎస్టేట్ సేల్‌లో పాత ఎర్ర తివాచీ ఒకటి కొన్నాను. నమాజు తివాచీ అని చెప్పి అమ్మారు. తర్వాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, అది తలుపు తెర! తుర్క్‌మెన్ సంచార కుటుంబాలు గుండ్రటి డేరా గుమ్మానికి కట్టుకునే 'ఎన్సీ'. నిలువు పట్టీ, అడ్డ పట్టీ కలిసి దాన్ని నాలుగు గళ్ళు చేస్తాయి. కొన్నిటికి పైన చిన్న కమాను ఉంటుంది. దాన్ని మసీదులోని మిహ్రాబ్‌గా భావించి నమాజు తివాచీ అన్నారు. ఆ పేరే చాలాకాలం నిలిచిపోయింది. అసలైన నమాజు తివాచీలు, 'నమాజ్‌లిక్'లు, వాళ్ళలో తక్కువే. అముదర్యా తీరాన ఎర్సారీలు నేసినవి వాటిలో పేరున్నవి.

టెక్కే, యోముత్, సాలోర్ తెగలకు తమ తమ 'గుల్' నమూనాలున్నాయి. తుర్క్‌మెనిస్తాన్ జెండా మీద అలాంటివి అయిదు కనిపిస్తాయి. నేసింది ఆడవాళ్ళు. వాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా లేవు. వాషింగ్టన్‌లో 1925లో మొదలైన టెక్స్‌టైల్ మ్యూజియం 1980లో ఈ తివాచీలపై పెద్ద ప్రదర్శన పెట్టి, పుస్తకం కూడా వేసింది.

ఇక మన సంగతి. ఆ కమాను మన నేల మీదా ఉంది. మచిలీపట్నం కలంకారీ పనివారు పర్షియా కోసం మిహ్రాబ్, జీవవృక్షం అద్దిన నమాజు గుడ్డలు చేశారు. ఆ ఎరుపు చిరివేరుది. ఏలూరులో, వరంగల్‌లో తివాచీలు నేశారు. వరంగల్ తివాచీలు 1851లో లండన్ మహాప్రదర్శనకు వెళ్ళాయి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇవన్నీ చదువుతున్న రోజుల్లోనే ఒక సాయంత్రం గరాజ్‌లోకి వెళ్ళాను. అక్కడ అట్టపెట్టెల కింద, మా అమ్మ మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు సూట్‌కేసులో మోసుకొచ్చిన వరంగల్ జంపఖానా ఉంది. అంచు పురుగు కొట్టింది. ఎవరు నేశారో, ఏ పెళ్ళికి కొన్నారో అమ్మకు తెలుసు. నేను అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే అమ్మ లేదు. ఎవరిదో తలుపు తెరకు సరైన పేరు వెతికినవాణ్ణి, నా ఇంటి బట్టకు చరిత్ర లేకుండా చేసుకున్నాను.

అందుకే ఒక్క మనవి. ఈ సభల నుంచి ఇంటికెళ్ళాక పెట్టె తెరవండి. జంపఖానా కానీ, కలంకారీ దుప్పటి కానీ, అత్తగారి పట్టుచీర కానీ, ఏదుంటే దాన్ని బయటకు తీయండి. పెద్దవాళ్ళకు ఫోన్ చేసి ఎక్కడిది, ఎవరు నేశారు, ఎప్పుడు కొన్నారు అని అడిగి, ఒక కాగితం మీద తెలుగులో రాసి దానితోనే మడిచి పెట్టండి. మన పిల్లలు రేపు దాన్ని ఎస్టేట్ సేల్‌లో పెట్టినా, పేరు తప్పకుండా పెడతారు.