దాదీమా ఏం తిన్నది?
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



దాదీమా తాళంచెవి ఎక్కడ పెట్టిందో మరిచిపోతే "వయసు మీదపడింది" అని ఊరుకుంటాం. ఆమె ఏం తింటున్నదో మాత్రం అడగం. అందరికీ వడ్డించి, గిన్నెలో మిగిలినదానితో సరిపెట్టుకోవడం ఆమెకు అలవాటు. ఇక ఒంటరి ముసలివాళ్ళకైతే పొద్దున చాయ్, బన్ను. రాత్రికి పచ్చడి మెతుకులు.

2013 నాటి ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం హక్కుగా ఇచ్చింది. తెచ్చుకోవాలంటే వేలిముద్ర పడాలి. జన్మంతా చాకిరీచేసి అరిగిన వేళ్ళను యంత్రం ఒక్కోసారి గుర్తించదు! సరే, బియ్యం వచ్చాయనుకుందాం. బియ్యంలో సహజంగా బి12 విటమిన్ ఉండదు. అది పాలు, గుడ్లు, చేపలు, మాంసంలో ఉంటుంది. డబ్బు చాలనప్పుడు మొదట మానేసేవి అవే. పైగా వయసు మళ్ళిన కడుపు దాన్ని సరిగా పీల్చుకోదు. చక్కెర జబ్బుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ మింగేవారికి ఇంకా తగ్గవచ్చు. తగ్గితే కాళ్ళు తిమ్మిర్లెక్కుతాయి, నడక తూలుతుంది, మతి మందగిస్తుంది.

మతిమరుపంతా దీనివల్లనే అనడం లేదు. కానీ ఇది రక్తపరీక్షలో తెలిసేది, ఆలస్యం చేయకపోతే సూదిమందుతోనో మాత్రలతోనో చాలావరకు సర్దుకునేది. డాక్టరుగారిని అడగండి.

రంజాన్‌లో మనం పంచే బియ్యం సంచీతోపాటు ఈసారి ముసలివాళ్ళ ఇళ్ళకు గుడ్లు, పాలు కూడా చేర్చుదామని మా మనవి.