గుండె చుట్టూ నీరు

(ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాది సాయంకాలపు తరగతిలో నేర్చుకున్న తెలుగు. తప్పులుంటే మన్నించండి.

కాకినాడ రేవులో ఓడ ఎక్కిన మా మామ్మ, పోయిన తన అన్నగారిని తలచుకొని "గుండె చుట్టూ నీరు పట్టింది" అనేది. నీరు పట్టేది కాళ్ళకు గదా అని మేము నవ్వేవాళ్ళం. ఆవిడ మాట అక్షరాలా నిజమని చాలా ఆలస్యంగా తెలిసింది.

గుండె పలుచని సంచిలో ఉంటుంది. అందులో మామూలుగా కొన్ని చెంచాల నీరే ఉంటుంది. క్షయవల్లనో, కేన్సరువల్లనో, దెబ్బవల్లనో అది పెరిగితే గుండెను నొక్కేస్తుంది. నెలల తరబడి నెమ్మదిగా చేరితే సంచి సాగి లీటరు నీటినైనా ఓర్చుకుంటుంది. హఠాత్తుగా చేరితే 200 మిల్లీలీటర్లు, అనగా ఒక గ్లాసుడు, ప్రాణం తీయవచ్చు.

రెంట్జెన్ 1895లో ఎక్స్‌రేను కనిపెట్టాడు. ఇక్కడ మనామాలో మిషన్ ఆసుపత్రి 1903లో తెరిచారు. కాని గుండె ఉబ్బినా, చుట్టూ నీరు చేరినా ఎక్స్‌రేలో ఒకే పెద్ద నీడ! నీరైతే సూదితో తీయాలి. ఉబ్బిన గుండెకు సూది గుచ్చితే ఏం గాను?

1929లో జర్మనీలో ఫోర్స్‌మన్ అనే పాతికేళ్ళ కుర్ర డాక్టరు, పైవారు వద్దన్నా, మూత్రనాళానికి వాడే సన్నని గొట్టాన్ని తన చేతి నరంలోంచి 65 సెంటీమీటర్లు దూర్చుకున్నాడు. దానితోనే మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచాడు. గొట్టం కొస గుండెలో కనబడింది! 1931 నాటికి ఎక్స్‌రేకు అడ్డుపడే అయొడిన్ మందును తన గుండెలోకే పంపుకొని చూశాడు. బొమ్మ మాత్రం సరిగా రాలేదు. మొండివాడు. 1956లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి వచ్చింది.

తరువాతివారికి ఆ దారి పనికివచ్చింది. మందు గుండె లోపలి అంచును చూపుతుంది. ఆ అంచుకూ బయటి నీడకూ నడుమ దళసరి ఖాళీ ఉంటే, అక్కడ నీరున్నట్లే. 1950లలో కొందరు మందుకు బదులు నరంలోకి కార్బన్ డయాక్సైడ్ పంపి, రోగిని ఎడమ ప్రక్కకు పడుకోబెట్టి ఫోటో తీశారు. గాలి బుడగ గుండె కుడి అరలో నిలిచి అదే సంగతి చెప్పేది. కాసేపటికి రక్తంలో కరిగిపోయేది. 1965లో ఫైగెన్‌బామ్ అల్ట్రాసౌండుతో నీటిని చూపించాక ఈ తంటాలు తగ్గిపోయాయి.

ఇప్పుడు మంచం దగ్గరే కొద్ది నిమిషాల పని. అయితే యంత్రం దాకా రోగి వెళ్ళాలి గదా! ఆయాసం, మెడనరాలు ఉబ్బడం, రక్తపోటు పడిపోవడం కలిసి వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. ఇంట్లో పెద్దలు "గుండె నొక్కేస్తోంది" అంటే, డాక్టరుకు చెప్పే మనవలు దాన్ని "గ్యాసు" అని మార్చవద్దు. మా తరగతిలో ఈ వాక్యాన్ని ఈ ఏడు పలకల మీద రాయించాను.