నడుము మీద పుండును దాచుకోవద్దు

నేను చదివింది ఎనిమిదో తరగతి. సంఘం లెక్కలు తప్ప ఉపన్యాసాలు రావు. మా ఇంట్లో జరిగిందే చెబుతాను. మా ఇంటావిడ సరే అన్నాకే చెబుతున్నాను.

నలభై ఏళ్లుగా కండెలు చుడుతూ ఆమె పావడ నాడా నడుముకి ఒకే చోట బిగించి కట్టేది. అక్కడ నల్లగా కాసింది, దురద పెట్టింది, చివరికి పుండు పడింది. పసుపు రాసుకుని ఏడాది దాచింది. నాకు తెలిశాక కత్తి అంటే భయపడి, లేజరుతో ఒక్కపూటలో పోతుందన్న చోటికి నేనే తీసుకుపోయాను. ముక్క తీసి పరీక్ష చెయ్యకుండానే కాల్చేశారు. పైకి మానింది. ఆరు నెలలకు అంచున గట్టిగా మళ్లీ లేచింది.

అప్పుడు పెద్దాసుపత్రికి పోయాం. ముక్క పరీక్షలో చర్మం కేన్సరు అని తేలింది. "లేజరు చేయించడం తప్పా అమ్మా?" అని డాక్టరమ్మను అడిగాను. ఆమె విడమరిచి చెప్పింది. లేజరు చెడ్డది కాదు. జబ్బు పైపొర దాటలేదని పరీక్షలో తేలితే కొందరికి దాంతో కాల్చవచ్చు. లోపలికి దిగితే మాత్రం చుట్టూ కొంత మంచి చర్మంతో సహా కోసి తియ్యాలి. కోసిన ముక్క అంచుల్లో జబ్బు మిగిలిందా లేదా చూడొచ్చు. కాల్చేస్తే చూడ్డానికి ఏమీ మిగలదు. అందుకే ముందు పరీక్ష, తర్వాతే లేజరు.

మా ఆవిడకి కోసి, తొడ చర్మం అతికించారు. ఇప్పుడు బాగుంది. అయినా చూపించుకోవడానికి పోతూనే ఉన్నాం.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. పంచె కట్టు దగ్గర వచ్చే కేన్సరు గురించి 1945లోనే బొంబాయి డాక్టర్లు రాశారట. 2024లో వార్ధా, బీహారు డాక్టర్లు చీర కట్టే ఇద్దరు ఆడవాళ్లకి నడుము దగ్గర వచ్చినదాని గురించి రాశారట. అందరికీ వస్తుందని కాదు, అరుదే. కానీ చీర నేసేది మనం, కట్టేది మన ఆడవాళ్లు.

నాడా బిగించొద్దు. రోజూ ఒకే చోట కట్టొద్దు. సన్న తాడు బదులు వెడల్పు పట్టీ వాడండి, దాన్ని మనమే నేసుకోవచ్చు. మూడు నాలుగు వారాలకీ మానని పుండు ఉంటే చూపించండి. మగవాళ్లూ ఇంట్లో అడగండి. మగ్గం మీద పోగు తెగితే వెంటనే అతుకుతాం. ఇంట్లో మనిషి సంగతి నేను ఏడాది చూడలేదు. మీరు అలా చెయ్యొద్దు.

సెలవు.