కడప సీమలో చల్లారిన నిప్పు

బద్వేలు ప్రాంతపు మిత్రులు నన్ను తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు: “అయ్యా, మీరు అగ్నిపర్వతములను గూర్చి పరిశోధింతురు గదా! మన సీమలో నవి యెక్కడ?” లంకమలను, వెలికొండలను నిత్యము చూచువారి కీ సందేహము సహజమే. ఆ కొండలు ప్రధానముగాఁ బ్రాచీన సముద్రమున పేరుకొన్న యిసుకయు బురదయు గట్టిపడుటచే నేర్పడినవి. మన దేశమున నేఁటికిని సజీవమైన యగ్నిపర్వతము అండమాను సముద్రమందలి బ్యారెన్ ద్వీపము. అది చిరకాలము నిద్రించి 1991లో మరల మేల్కొన్నది.

అయినను మన సీమలో నిప్పు లేకపోలేదు, చల్లారినది. వేంపల్లె, పులివెందుల ప్రాంతములందుఁ గనఁబడు నల్లరాయి యొకప్పుడు భూగర్భమునుండి యెగసిన శిలాద్రవమే. దానిలోని సూక్ష్మ స్ఫటికములందు యురేనియ మెంత సీసముగా మాఱినదో లెక్కించి, పులివెందులయొద్ది శిల వయస్సు సుమారు 188 కోట్ల సంవత్సరములని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి.

శిలాద్రవపు స్వభావము ముఖ్యముగా సిలికాపై నాధారపడును. బెల్లపు పాకమును తలఁచుకొనుఁడు. నూటికి సుమారు 50 పాళ్లు సిలికా గల ద్రవము లేఁతపాకమువలెఁ బాఱును. 70 పాళ్లు గలది ముదురుపాకమువలె సాగును. దానిలోఁ జిక్కిన యావిరి వెలువడలేక తుదకు కొండనే బ్రద్దలుచేయును. మన నల్లరాయి మొదటి జాతిది. కావుననే యది రాతిపొరల సందులలోఁ జొచ్చి సుదూరము పఱచుకొన్నది.

ఆ వేఁడిమి తగిలిన మెగ్నీషియపు సున్నపురాయి, సిలికాతోడను వేఁడినీటితోడను గలసి, కొన్నిచోట్ల రాతినారగా మాఱినది. పులివెందుల ప్రాంతమున బ్రాహ్మణపల్లెలో దానికై గనులు త్రవ్విరి. నిప్పునకుఁ గాలని నార లభించెనని లోకము సంతసించెను. కాని దాని ధూళి ఊపిరితిత్తులఁ జేరినచో, పెక్కేండ్లు గడచిన పిమ్మటఁ బ్రాణాంతకమైన వ్యాధి పుట్టును.

బద్వేలునకు దక్షిణమున మంగంపేటలోని ముగ్గురాయి నిక్షేపము ప్రపంచమందలి మిక్కిలి పెద్దవానిలో నొకటి. అదియు నగ్నిపర్వతపు బూడిదపొరలతోఁ గలసియున్నది. నీటికంటె నాలుగురెట్లకుఁ బైగా బరువైన యా రాతి పొడిని చమురుబావుల త్రవ్వకపు బురదలోఁ గలిపి, క్రిందినుండి తన్నుకొనివచ్చు వాయువుల నణఁచుదురు.

ఒకే సీమలోని నిప్పు ఒకచోట జీవనమును, ఒకచోట వ్యాధిని మిగిల్చినది. రాయి ధర యెంతయని యడుగువారు పెక్కుమంది కలరు. ఆ రాతిలో నేమున్నదో గనిలో దిగు కూలివాఁడు ముందుగా నెఱుఁగవలెను. మా శాస్త్రము వానికిఁ దీర్పవలసిన ఋణ మదియే.