రామారెడ్డి నుంచి మసాయ్ మారా దాకా

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2024 ఆగస్టులో నేను, నా శ్రీమతి కెన్యా వెళ్లి వచ్చాము. ఆ విశేషాలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. వెళ్లదలచిన వారికి పనికివచ్చే మాటలు ముందు చెబుతాను.

2024 జనవరి నుంచి కెన్యాకు వీసా బదులు ఇంటర్నెట్ ద్వారా ముందస్తు అనుమతి తీసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా పత్రం కూడా ఉండాలి. అది లేకుండా తిరిగి వస్తే మన దేశంలోనే ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతారు. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఒకసారి వేయించుకుంటే జన్మంతా చెల్లుతుంది. అయితే అరవై దాటిన వారికి దీనివల్ల ఇబ్బందులు వచ్చే అవకాశం కొంత ఎక్కువ. కావున డాక్టరు గారిని అడిగిన తరువాతనే టికెట్టు కొనవలసిందిగా మనవి.

రామారెడ్డి కాలభైరవస్వామికి దండం పెట్టుకొని బయలుదేరాము. కామారెడ్డి, హైదరాబాదు, ముంబయి. అక్కడి నుంచి నైరోబీకి విమానంలో సుమారు ఆరు గంటలు. మరునాడు రిఫ్టు లోయ దిగి, నరోక్ మీదుగా జీపులో మళ్లీ అంతసేపు. నడుము నొప్పి ఉన్నవారు బెల్టు మరచిపోవద్దు.

మసాయ్ మారా 1,510 చదరపు కిలోమీటర్ల గడ్డిభూమి. దక్షిణాన టాంజానియాలోని సెరెంగెటి. పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్టులు, వాటితో పాటు జీబ్రాలు, పచ్చిక వెతుక్కుంటూ ఏటా అక్కడి నుంచి ఇక్కడికి వస్తాయి. మధ్యలో మారా నది, నదిలో మొసళ్లు. రెండు గంటలు ఎదురుచూశాక ఒకటి నీళ్లలోకి దూకింది. వెనుక వేలు దూకాయి. "మన బర్రెల లెక్కనే ఉన్నయండీ, ఒకటి దిగితే అన్నీ దిగుతయి" అన్నది మా ఆవిడ. సింహాలు, ఏనుగులు, జిరాఫీలు కూడా కనులారా చూశాము.

మా డ్రైవరు మసాయ్ తెగ యువకుడు. సింహం ఆవును పట్టుకుపోతే ఏం చేస్తారని అడిగాను. తాతల కాలంలో బల్లెం పట్టుకొని వెళ్లేవారట. కెన్యా 1977లో వేట నిషేధించింది. ఇప్పుడు చుట్టుపక్కల భూముల వారు చాలామంది తమ భూమిని జంతువుల కోసం కౌలుకిచ్చి నెలనెలా డబ్బు తీసుకుంటున్నారు. సింహం బతికి ఉంటేనే యాత్రికులు వస్తారు, కౌలు వస్తుంది. అయినా ఆవు పోయిన ఇంట్లో బాధ బాధే అన్నాడతను.

ఆ మాట విన్నాక నాకు మన ఊళ్లు గుర్తుకు వచ్చాయి. మనకు పోచారం ఎంత దూరం? ఆలేరు వాగుపై 1922లో ఆనకట్ట పూర్తయింది. ఒకప్పటి నిజాముల వేటస్థలం నేడు సుమారు 130 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. దుప్పులు, మనుబోతులు, ఎలుగుబంట్లు, చిరుతపులులు అక్కడ ఉన్నాయి. మనలో ఎందరం చూశాము? చీతా మన దేశంలో లేదని 1952లో ప్రకటించారు. డెబ్బై ఏళ్లకు, 2022 సెప్టెంబరులో, నమీబియా నుంచి విమానంలో కూనోకు తెచ్చుకున్నాము.

రైతు బాధ నేనెరుగుదును. అడవిపందులు ఒక్క రాత్రిలో మక్కచేను నేలమట్టం చేస్తాయి. మసాయ్ వారిలా మనకు కౌలు ఇచ్చేవారు లేరు. అందుకని కొందరు చేను చుట్టూ కరెంటు తీగ పెడుతున్నారు. ఆ తీగకు పంది ఒక్కటే కాదు, చిరుత పడుతుంది, రాత్రి మోటారు వేయబోయిన పక్క చేని మనిషీ పడతాడు.

పంటకు, పశువులకు నష్టం జరిగితే అటవీశాఖ పరిహారం ఇచ్చే ఏర్పాటు ఉన్నది. చాలామంది రైతులకు దరఖాస్తు ఎవరికి, ఎట్లా పెట్టాలో తెలియదు. దరఖాస్తులు రాయడం, ఫైలు వెంట తిరగడం మనకు ముప్ఫై ఏళ్ల విద్య. ఊరికి ఇద్దరు పెన్షనర్లు ఈ పని చేసిపెడితే కొన్ని తీగలైనా దిగుతాయి. ఈ విషయం కార్యవర్గం ఆలోచించాలని కోరుతున్నాను. కెన్యా అందరూ వెళ్లలేకపోవచ్చు. ఈ చలికాలం అందరం కలిసి పోచారం మాత్రం వెళదాము.